పింఛను ఎవరి చేతికి?

ఒకటో తారీఖు. పాల ప్యాకెట్టు వచ్చే వేళకే గుమ్మంలో సచివాలయం ఉద్యోగి ప్రత్యక్షం. భుజాన సంచి, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో వేలిముద్రల యంత్రం. 'అన్నా... వేలు ఇలా పెట్టు' అంటాడు. వసారాలో మంచం మీద కూర్చున్న నలభై ఏళ్ల మనిషి గోడ పట్టుకుని లేచి వచ్చి చెయ్యి చాస్తాడు. ఒకసారి పడదు. రెండోసారి పడుతుంది. 'అయిపోయిందన్నా' అంటూ ఉద్యోగి నోట్లు లెక్కపెడతాడు. ఆ నోట్లు చాచిన చేతిని దాటుకుని, వెనక నిలబడ్డ వదిన చేతిలోకి వెళ్తాయి.

ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. ఉద్యోగి ఇంకా పాతిక ముప్ఫై గడపలు ఎక్కాలి. వదిన ఆ ఇంటి బండిని లాక్కొస్తున్న మనిషి. మరిదికి వేళకింత వండిపెట్టేది ఆవిడే. కానీ కాగితం మీద ఆ డబ్బు ఎవరిది? వేలిముద్ర ఎవరు వేశారు? చూపులేని పెద్దవాళ్లకు ప్రభుత్వమిచ్చే సాయం గురించి మాట్లాడేటప్పుడు ఎంత ఇస్తున్నారన్న దగ్గరే ఆగిపోతాం. అది ఎన్ని చేతులు దాటి, ఎవరి చేతికి చేరుతుందన్నది పెద్దగా అడగం. ఈ వారం ఆ సంగతే చూద్దాం.

ముందు ఎంతో చూద్దాం. ఉమ్మడి రాష్ట్రం విడిపోయేనాటికి వికలాంగుల పింఛను నెలకు 500 రూపాయలు. 2014 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ దాన్ని పెంచింది. వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,500, అంతకన్నా తక్కువైతే వెయ్యి. ఆ మరుసటి నెలలోనే తెలంగాణ 'ఆసరా' పేరుతో 1,500 మొదలుపెట్టింది. అక్కడ అది 2019లో 3,016, 2023లో 4,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 3,000 అయింది, 2024 జులై నుంచి 6,000. ఈ మధ్యలో పథకం పేరు ఎన్నిసార్లు మారిందో చెప్పాలంటే ఇంకో వారం కావాలి!

ఇందులో ఢిల్లీ వాటా ఎంతో తెలుసా? కేంద్రం 2009లో వికలాంగులకు జాతీయ పింఛను ప్రారంభించింది. దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 80 శాతం వైకల్యం ఉన్న పెద్దవాళ్లకు మొదట నెలకు 200. 2012లో 300 చేశారు. అంతే, అక్కడే ఆగిపోయింది. ఎనభై ఏళ్లు నిండితే మాత్రం 500. రోజుకు పది రూపాయలు... మీ వీధిలో టీ ఎంతో ఒకసారి గుర్తు చేసుకోండి. కాబట్టి ఇంటికొచ్చే పింఛనులో సింహభాగం రాష్ట్రానిదే. దాన్ని మంజూరు చేసి చేర్చే యంత్రాంగం మాత్రం మన ఊరిది, మన వార్డుది. పంచాయతీ కార్యదర్శి, మండల పరిషత్తు, మున్సిపాలిటీ, ఆంధ్రాలోనైతే 2019 నుంచి గ్రామ, వార్డు సచివాలయం.

ఇదేదో దయతలచి ఇచ్చేది అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 24వ సెక్షను ఏం చెబుతుందంటే... ఇతరులకు ఏదైనా సామాజిక భద్రతా పథకం కింద ఇచ్చేదానికన్నా వికలాంగులకు అలాంటి పథకంలో కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. ఎందుకంత ఎక్కువ? చూపులేని మనిషికి బతకడానికయ్యే ఖర్చే ఎక్కువ కనుక. మనం నడిచి వెళ్లే దూరానికి ఆయన ఆటో ఎక్కాలి. మనం ఒక టికెట్టు కొనుక్కునే చోట ఆయన, తోడు వచ్చినవారితో కలిపి రెండు కొనాలి. (రైల్వే ఈ సంగతి ఎప్పుడో గుర్తించింది. పూర్తిగా చూపులేనివారికి స్లీపరులో, మూడో ఏసీలో 75 శాతం రాయితీ ఉంది. వెంట వెళ్లే ఒకరికీ అంతే రాయితీ.)

పిడికిలంత లోకం

ఇప్పుడు అసలు చిక్కు. 'చూపులేదు' అని ఎవరు చెప్పాలి? మన రెండు రాష్ట్రాల్లోనూ 'సదరం' అనే మాట తెలియని వికలాంగుల కుటుంబం ఉండదు. స్లాటు దొరికిందా, శిబిరం ఎప్పుడు, శాతం ఎంత వేశారు... ఇవే మాటలు. పింఛను గుమ్మం 40 శాతం దగ్గర ఉంటుంది. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండోది బాగా ఉంటే ఆ లెక్కలో వచ్చేది 30 శాతమే. అంటే పింఛను రాదు. దేశమంతటికీ ఒకటే గుర్తింపు కార్డు కూడా వచ్చింది. 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 79 దాకా పసుపు, 80, ఆపైన నీలం. చూపులేనివారికి రంగును బట్టి కార్డు! ఎవరికొచ్చిన ఆలోచనో గానీ...

చట్టం దృష్టిలో అంధత్వమంటే కటిక చీకటి ఒక్కటే కాదు. మామూలు కన్ను 60 మీటర్ల నుంచి గుర్తుపట్టేదాన్ని, కళ్లద్దాలు పెట్టుకున్నాక కూడా, రెండిట్లో మెరుగైన కంటితో కూడా, 3 మీటర్ల దగ్గరికి వెళ్లినా గుర్తుపట్టలేకపోతే అది అంధత్వమే. ఇంకోటి ఉంది. అదే ఎక్కువమందికి అర్థం కాదు. మీ చెయ్యి ముందుకు చాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి వెడల్పు కంటికి దాదాపు 10 డిగ్రీలు. చూపు పరిధి అంతకన్నా తగ్గిపోయినా చట్టం దాన్ని అంధత్వమే అంటుంది.

రేచీకటితో మొదలై, రెటీనా కొద్దికొద్దిగా దెబ్బతినే జబ్బులో జరిగేది ఇదే. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఇది కొత్తేం కాదు. మొదట రాత్రిపూట కనబడదు. తర్వాత పక్కల నుంచి చీకటి కమ్ముకొస్తుంది. చివరికి సన్నటి గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య కాస్త మిగులుతుంది. అలాంటి మనిషి ఫోనులో అక్షరాలు చదవగలడు. అదే మనిషి కాళ్ల ముందున్న బిందెను తన్నుకుని పడిపోతాడు. పక్కింటివాళ్లు ఏమంటారు? 'నిన్న సెల్లు చూసుకుంటున్నాడండీ... గుడ్డివాడేంటి, అంతా నాటకం!'

ఈ మాట ఖరీదు తక్కువేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో సదరం ధ్రువపత్రాలను మళ్లీ పరిశీలించారు. అనర్హులని తేలినవారికి నోటీసులు వెళ్లాయి. అభ్యంతరాలు, ఆందోళనలు, అప్పీళ్లు... పత్రికల నిండా అవే వార్తలు. దొంగ సర్టిఫికెట్లు లేవా? ఎందుకు లేవు! వాటిని ఏరాల్సిందే. అయితే ఏరడం యంత్రాలతో, కళ్ల డాక్టరు చేతుల మీదుగా జరగాలి గానీ వీధి అరుగు మీద కాదు. చూపు పరిధి కొలవడానికి పరీక్ష వేరే ఉంది. గోడమీద అక్షరాలు చదివించేస్తే అది తేలదు. శిబిరానికి వెళ్లినప్పుడు రేచీకటి సంగతి, తలుపులకు గుద్దుకునే సంగతి డాక్టరుకు చెప్పండి, పరిధి పరీక్ష చెయ్యమని అడగండి. ఇచ్చిన శాతం సరికాదనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు చట్టంలో 59వ సెక్షను కింద ఉంది. 'పెద్ద డాక్టరు రాశాడు, ఇంకేం చేస్తాం' అని ఇంటికొచ్చేయక్కర్లేదు.

తండ్రి కార్డులో ఒక పేరు

శాతం వచ్చింది. పింఛను వచ్చేసినట్టేనా? ఆగండి. ఆయనకు ముప్ఫై అయిదేళ్లు. ఓటుంది. కానీ ఉంటున్నది నాన్న ఇంట్లో. బియ్యం కార్డులో నాన్న తర్వాత, అమ్మ తర్వాత, తమ్ముడి పక్కన ఒక పేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చివర్లో పెట్టిన నిబంధనలు చూడండి. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10 వేలు, పట్నంలో 12 వేలు దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు మించకూడదు. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉండకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు... ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే ఫర్వాలేదు.

ఇవన్నీ కుటుంబం లెక్కలు. ప్రభుత్వం దగ్గర ఉన్నవి పరిమితమైన డబ్బులు, ఎక్కడో ఒకచోట గీత గీయాలి, నిజమే. కానీ తమ్ముడికి ఉద్యోగం వస్తే అన్నకు చూపు రాదు కదా! తమ్ముడు కారు కొన్నాడు, ఇంట్లో ఏసీ పెట్టించాడు, సంతోషం. ఆ కారులో అన్న ఎన్నిసార్లు ఎక్కాడు? ఆ ఏసీ ఎవరి గదిలో ఉంది? చూపులేని పెద్ద మనిషి జేబు ఖర్చుకు తమ్ముణ్ని అడగాలా, మరదలికి చెప్పించుకోవాలా అన్నది ఏ నిబంధనల పుస్తకంలోనూ కనిపించదు. ఇంట్లోవాళ్ల సంపాదనను ఆయన సంపాదనగా లెక్కగట్టే ఈ పద్ధతిని, కనీసం 80 శాతం దాటినవారి విషయంలోనైనా, పక్కనపెట్టాలన్నది నా అభిప్రాయం.

కన్ను కొట్టమంటే ఎలా?

వేలిముద్ర సంగతి చెప్పుకోవాలి. కుర్చీలు అల్లడం, మసాజ్ చెయ్యడం, తాళ్లు పేనడం... చూపులేనివారికి తరతరాలుగా అలవాటైన పనులన్నీ చేతివేళ్లవే. వేళ్ల గీతలు అరిగిపోతే యంత్రం 'ఎవరో నాకు తెలీదు' అంటుంది. సరే, కనుపాప చూపించమంటారు. కంటిమీద పువ్వు వేసినవారికి, గుడ్డు కుంచించుకుపోయినవారికి ఆ యంత్రం ఏం చూస్తుంది? ఆఖరికి ముఖం. 'కెమెరాలోకి చూసి ఒకసారి కళ్లు ఆర్పండి' అని ఫోను అడుగుతుంది. కెమెరా ఎక్కడుందో ఎవరు చెప్పాలి? ఆర్పడానికి రెప్పే లేని వాళ్లున్నారు.

ఇది పింఛను దగ్గరే కాదు, బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు కూడా ఎదురయ్యే తంటానే. యాసిడ్ దాడి బాధితులు కొందరు, చూపులేని ఒక న్యాయవాది ఈ విషయం మీదే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 30న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ధర్మాసనం తీర్పు చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. కళ్లు ఆర్పడం ఒక్కటే కాకుండా వేరే దారులూ పెట్టాలని చెబుతూ 20 ఆదేశాలిచ్చింది. అది మన ఊరి ఫోనులోకి దిగిరావడానికి ఎంతకాలం పడుతుందో! ఈలోగా యంత్రం వద్దన్నంత మాత్రాన పింఛను వద్దన్నట్టు కాదని ఇంట్లోవాళ్లు గట్టిగా అడగాలి. 'ఈ నెలకు పడలేదు' అన్న మాటతో ఊరుకోకుండా, ఎందుకు పడలేదో, వేరే దారేమిటో కాగితం మీద రాయించుకోండి.

నాలుగు మిల్లీమీటర్ల తేడా

నోట్లు చేతికొచ్చాయనుకుందాం. ఎన్ని? ఏవి? 2016 నవంబరు ముందు చూపులేనివారికి నోటు పొడవే గుర్తు. పాత వంద 157 మిల్లీమీటర్లు, అయిదు వందలు 167, వెయ్యి 177. సెంటీమీటరు చొప్పున తేడా, వేలు ఆనిస్తే తెలిసిపోయేది. కొత్త వరసలో వంద 142, రెండు వందలు 146, అయిదు వందలు 150. తేడా నాలుగు మిల్లీమీటర్లు! ఈ గొడవ బొంబాయి హైకోర్టు దాకా వెళ్లింది. అంచుల మీద కాస్త ఉబ్బెత్తుగా గీతలు పెట్టారు. వందకు నాలుగు, అయిదు వందలకు అయిదు. కొత్త నోటు మీదైతే తెలుస్తాయి. పది చేతులు మారి, చెమటకు మెత్తబడ్డ నోటు మీద ఏం తెలుస్తాయి? రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న 'మణి' అని ఒక యాప్ తెచ్చింది. నోటును ఫోను కెమెరా ముందు పెడితే ఎంతో చెబుతుంది.

ఫోను లేనివారు పాటించే పద్ధతి ఇంకా తేలిక. అయిదు వందల నోటు మడవకుండా, రెండు వందలు సగానికి, వంద రెండు మడతలు. అయితే ఆ మడత పెట్టి ఇచ్చేవాళ్లు నమ్మకస్తులై ఉండాలి. ఉద్యోగులకు ఒక మనవి. నోట్లు ఇచ్చేటప్పుడు ఒక్కోటీ ఆయన అరచేతిలో పెడుతూ పైకి లెక్కపెట్టండి. ఆరు వేలకు పన్నెండు నోట్లు. అర నిమిషం పని.

బిళ్లల సంగతి నయం. 2019 మార్చిలో విడుదల చేసిన కొత్త వరసలో విలువ పెరిగేకొద్దీ పరిమాణం, బరువు పెరుగుతాయి. ఇరవై రూపాయల బిళ్లకు పన్నెండు అంచులుంటాయి, తడిమితే పోల్చుకోవచ్చు. తెలంగాణ పింఛనులో చివరి పదహారు రూపాయలు కూడా చేతిలో పడాలి మరి. 'చిల్లర లేదు బాబాయ్' అనేస్తే పడవు.

ఇచ్చే చెయ్యి

మళ్లీ ఇంట్లోకి వద్దాం. 'వాడికి డబ్బెందుకండీ? అన్నీ మేమే చూసుకుంటున్నాంగా' అనే మాట మంచి ఇళ్లలోనే ఎక్కువ వినిపిస్తుంది. తిండి పెట్టేవారికి ఆ డబ్బు ఖర్చుపెట్టే హక్కు లేదా అంటే, ఇంటి ఖర్చులో ఆయన వాటా ఇవ్వడం న్యాయమే. తేడా ఎక్కడంటే, అది ఆయన ఇస్తున్నాడా, మీరు తీసుకుంటున్నారా? నాకు తెలిసిన ఒకావిడ అన్న ఇంట్లో ఉంటుంది. చిన్నప్పుడు మశూచి వచ్చి రెండు కళ్లూ పోయాయి. నోట్లు ఆవిడే తీసుకుంటుంది. నాలుగు వేలు లెక్కపెట్టి వదినగారి చేతిలో పెడుతుంది. మిగతా రెండు వేలు తన పెట్టెలో. మేనకోడలికి పుస్తకాలు, తనకు మందులు, గుడికెళితే హుండీలోకి పది రూపాయలు, అప్పుడప్పుడు వదినకే చేబదులు. ఇంటికి చేరే డబ్బు అంతే. కానీ ఆ ఇంట్లో ఆవిణ్ని అడక్కుండా ఆవిడ గురించి ఏదీ నిర్ణయించరు. 'అత్తని అడగండి' అంటారు పిల్లలు కూడా.

చట్టంలో 13వ సెక్షను చెప్పేది ఇదే. ఆస్తి కలిగి ఉండటానికి, తన డబ్బు వ్యవహారాలు తానే చూసుకోవడానికి, బ్యాంకు రుణం తీసుకోవడానికి వికలాంగులకు అందరితో సమానంగా హక్కుంది. సాయం చేసేవారికీ, ఆ మనిషికీ ప్రయోజనాలు అడ్డం తిరిగిన చోట సాయం చేసేవారు పక్కకు తప్పుకోవాలనీ అందులోనే ఉంది. ఉమ్మడి పొలం అమ్మకం కాగితాల మీద చూపులేని తమ్ముడితో వేలిముద్ర వేయించే అన్నలు ఈ వాక్యం ఒకసారి చదువుకోవాలి.

బ్యాంకులో ఖాతా తెరవడానికి వెళ్తే 'జాయింటుగా ఎవరైనా ఉండాలమ్మా, ఏటీఎం కార్డు ఇవ్వం' అంటే నమ్మకండి. చూపులేనివారికి చెక్కు పుస్తకం, ఏటీఎం కార్డు, లాకరు నిరాకరించకూడదని రిజర్వు బ్యాంకు 2008 జూన్‌లోనే చెప్పింది. 2014 జులై నుంచి కొత్తగా పెట్టే ప్రతి ఏటీఎం మాట్లాడేదిగా, బ్రెయిలీ మీటలతో ఉండాలనీ ఆదేశించింది. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోను తగిలిస్తే చాలు, తెర మీద ఉన్నది వినిపిస్తుంది. అన్నిచోట్లా పనిచేస్తుందా అంటే అది వేరే కథ. పనిచెయ్యకపోతే బ్యాంకుకు ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకోండి.

ఫోనుకు వచ్చే బ్యాంకు సందేశం కూడా వినే వీలుంది. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, యాక్సెసిబిలిటీలో టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే తెరమీద ఉన్నదంతా, తెలుగు కూడా, చదివి వినిపిస్తుంది. అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుంది. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లో పిల్లాడో ఉంటే వాళ్లకు అప్పజెప్పండి, ఓపిగ్గా నేర్పుతారు. పిన్ నంబరు మాత్రం వాళ్లకు కూడా చెప్పొద్దనండి.